పాతబస్తీ మిద్దెలో దయ్యం ఉందంట: విచారణ ఎలా చేయాలి

కర్నూలు పాతబస్తీలో పై అంతస్తుకు తాళం పడి రెండేళ్లు దాటితే చాలు, ఆ మిద్దెకు ఒక దయ్యం వచ్చి చేరుతుంది. కింద నాలుగు అంగళ్లు నడుస్తుంటాయి. పైన ఒకప్పటి గోడౌను, ఇప్పుడు ఖాళీ. రాత్రి తొమ్మిదికి షట్టర్లు దించినాక పైన ఎవరో నడుస్తారంట. గజ్జెల చప్పుడంట. మల్లెపూల వాసనంట. తలుపు దానంతటదే తెరుచుకుంటుందంట. ఇంతలో అద్దెకు అడిగేవాళ్లు తగ్గుతారు, ఉన్నవాళ్లు అడ్వాన్సు వెనక్కి ఇమ్మంటారు. కొనడానికి వచ్చినవాడు ఈ మాట చెప్పి ధర తగ్గించమంటాడు.

నేను ముప్పై ఏళ్లు వైరింగ్ పని చేసినవాణ్ణి. పాత మిద్దెల్లో మీటరు పెట్టెలు, గోడల్లో తీగలు, అటకలు అన్నీ పాకి చూసినవాణ్ణి గనక ఇలాంటి చోట్లకు నన్ను పిలవడం మొదలుపెట్టారు. ఇప్పటికి మూడు మిద్దెలు చూశాను. ఇక్కడ చెప్పేది ఎక్కువగా వాటిలో ఒకదాని గురించి. యజమాని ఇంకా దాన్ని అద్దెకివ్వాలి కాబట్టి వీధి పేరు చెప్పను. మీరు దిగేముందు ఒక మాట. దయ్యాలు ఉన్నాయా లేవా అన్న చర్చ పెట్టుకోకండి, అది ఒక రాత్రిలో తేలేది కాదు. చప్పుడు ఎక్కడ పుట్టింది, ఎన్ని గంటలకు, ఎవరు విన్నారు అన్నవి మాత్రం తేలతాయి.

మొదట తాళం చెవి

యజమాని చేత కాగితం మీద రాయించుకోండి. ఫోన్లో "పోయి చూసుకోన్నా, ఏముంది" అంటే సరిపోదు. పాతబస్తీ మిద్దెకు ఒక్కడే యజమాని ఉండడం అరుదు. తాత పేరున కాగితాలు, నలుగురు కొడుకులు, ఒకరు హైదరాబాదులో, ఒకరు బళ్లారిలో, మధ్యలో కోర్టు కేసు. అలాంటి చోట ఒకరి మాట మీద లోపలికి పోతే రెండోవాళ్ల కంటికి మీరు కబ్జా చేయడానికి వచ్చినవాళ్లు. కేసు నడుస్తున్న మిద్దె అయితే వదిలేయండి, ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి.

కాగితంలో తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, లోపలికి వచ్చేవాళ్ల పేర్లు, తెరవకూడని గదులు రాయించండి. అనుమతి లేకుండా అడుగుపెట్టేవాళ్లకు భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షన్ ఉంది. రాత్రిపూట దొంగచాటుగా దూరితే దానికంటే గట్టివి ఉన్నాయి. కింద అంగళ్లవాళ్లకు, ఎదురింటివాళ్లకు ముందే చెప్పండి. వన్‌టౌన్ పోలీసుస్టేషన్లో ఒక నకలు ఇచ్చి రండి. మొదటి మిద్దెలో నేను ఈ పని చేయలేదు. రాత్రి ఒంటిగంటకు పైన టార్చిలైట్లు తిరుగుతున్నాయని ఎవరో ఫోన్ చేశారు. మెట్ల మీద మాకు ఆ రాత్రి కనిపించిన ఒకే ఒక్క ఆకారం కానిస్టేబులుది.

ఎర్ర పెన్నుతో "అంట"

ఈ పనికి మన భాషే పెద్ద సాయం. తెలుగులో మనిషి తాను చూసింది ఒకలా చెబుతాడు, విన్నది ఇంకోలా చెబుతాడు. విన్నదానికి చివర "అంట" తగిలిస్తాడు, తనకు తెలియకుండానే. కాబట్టి ఎవరేం చెప్పినా మీ మాటల్లోకి మార్చకుండా, క్రియాపదం చివరి అక్షరంతో సహా అలాగే రాసుకోండి. ఇంటికొచ్చి ఎర్ర పెన్నుతో ప్రతి "అంట" కిందా గీత గీయండి.

మా మిద్దె ఎదురుగా టీ బంకు ఉంది. ఆయన చెప్పింది ఇది.

"పైన కిటికీ కాడ ఆడమనిషి నిలబడుంటాదంట సార్."

"నువ్వు చూసినావా?"

"నేను యాడ చూసినా? మా తమ్ముని దోస్తు చూసినాడంట."

"ఆ దోస్తు యాడుంటాడు?"

"ఇప్పుడు బెంగుళూరులో ఉన్నాడంట."

ఆ దోస్తు బెంగుళూరులో ఉన్నాడన్నది కూడా ఎర్ర గీతలోకే పోయింది. మొత్తం పదకొండు మంది చెప్పినవి రాసుకుంటే గీత పడకుండా మిగిలింది ఇద్దరివి: రాత్రి కాపలా ఉండే పెద్దాయన, బట్టలంగట్లో పని చేసే ఒక అబ్బాయి. మీ విచారణంతా ఆ ఇద్దరి గురించే. మిగతా తొమ్మిదీ కట్టగట్టి పక్కన పెట్టండి, పారేయొద్దు, తర్వాత పనికొస్తాయి.

ఒక్కొక్కరినీ విడిగా అడగండి. నలుగురిని కూర్చోబెట్టి అడిగితే మొదట మాట్లాడినవాడి కథే మిగతా ముగ్గురూ చెబుతారు. "తెల్లచీరా?" అని మీరే అందించకండి. "ఆ రోజు మొదటి నుంచి చెప్పు" అని ఊరుకోండి. ఆయన చెప్పినాక తేదీ, గంట, ఎక్కడ నిలబడి ఉన్నాడు, కరెంటు ఉందా, గాలి వీచిందా, అప్పుడే నిద్ర లేచాడా అడగండి.

కాపలా పెద్దాయన చెప్పింది: తెల్లారుజామున మెలకువ వచ్చింది, కళ్లు తెరుచుకున్నాయి, కాలూ చేయీ కదల్లేదు, గుండెల మీద ఎవరో కూర్చున్నారు, గది మూలన నల్లగా ఒక మనిషి. ఆయన అబద్ధం చెప్పడంలేదు. దీన్ని నిద్ర పక్షవాతం అంటారు. కలలు వచ్చే నిద్రలో మెదడు ఒంటిని కదలకుండా ఆపి ఉంచుతుంది, మనం మంచం మీద తన్నుకోకుండా. ఒక్కోసారి మనసు ముందు లేస్తుంది, ఒళ్లు ఆ పట్టులోనే ఉండిపోతుంది. కల కూడా ఇంకా పూర్తిగా పోదు గనక మనిషి కనిపిస్తాడు, బరువు తెలుస్తుంది. నిద్రవేళలు తారుమారయ్యేవాళ్లకు, వెల్లకిలా పడుకునేవాళ్లకు ఎక్కువ. ఆయన ముందు నవ్వకండి. "ఇది చాలామందికి వస్తుంది పెద్దాయనా, ప్రాణానికేం కాదు, ఒత్తిగిలి పడుకో, మళ్లీ మళ్లీ వస్తే పెద్దాసుపత్రిలో చూపించుకో" అని చెప్పండి. మేం చేసిన మొత్తం విచారణలో ఒక మనిషికి నిజంగా పనికొచ్చింది ఈ మాటే అనుకుంటాను.

మిద్దె వయసు

ప్రతి పాత మిద్దె మనవాళ్లకు "నవాబుల కాలంది". కర్నూలు నవాబుల పాలన 1839లో ముగిసింది. ఆనాటిది అనాలంటే ఆధారం కావాలి. తల పైకెత్తి కప్పు చూడండి. దూలాలు, దంతెలు (దూలాల మీది సన్నటి అడ్డకర్రలు), మట్టి ఉంటే ఒక రకం. టేకు దంతెల మీద నిలువు ఇటుకలు, సున్నం వేసిన మద్రాసు టెర్రస్ ఇంకో రకం. ఇనుప గర్డర్లు ఉంటే ఇంకా తర్వాతది, ఆ గర్డరు పక్కన కంపెనీ పేరు అచ్చు ఉంటుంది, తుడిచి చదవండి. వరండా మీద మంగళూరు పెంకు ఉండి దాని మీద 1865 అని కనబడితే మిద్దె 1865లో కట్టారని సంబరపడొద్దు. అది మంగళూరులో బాసెల్ మిషన్ పెంకుల ఫ్యాక్టరీ మొదలైన ఏడు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టీ, తీయించండి. 1983 నుంచి కంప్యూటర్లో దొరుకుతుంది, అంతకుముందుది చేత్తో వెతికించుకోవాలి. మున్సిపాలిటీ పన్ను రికార్డులో అప్పట్లో అది అంగడా, ఇల్లా, గోడౌనా అన్నది తెలుస్తుంది. ఇవన్నీ ఎందుకంటే దయ్యం కథలో ఎప్పుడూ ఒక చావు ఉంటుంది. మా మిద్దెలో, కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్నప్పుడు పైన ఒక ఆఫీసు ఉండేదంట, గుమాస్తా ఉరి వేసుకున్నాడంట. 1953 అక్టోబరు 1 నుంచి 1956 దాకా రాజధాని మనదే, చోటు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి, కాబట్టి ప్రైవేటు మిద్దెలో ఆఫీసు ఉందంటే నమ్మబుద్ధవుతుంది. కానీ యజమాని ఇంట్లో ఇనప్పెట్టెలో దొరికిన పాత బాడుగ రశీదుల్లో ఆ ఏళ్లంతా పైభాగం వేరుసెనక్కాయల గోడౌను. గుమాస్తా ఎర్ర గీతలోకి పోయాడు.

చావు కథలు ఎట్లా పెరుగుతాయో చూడాలంటే మన జిల్లాలోనే మన్రో ఉన్నాడు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఇది రికార్డు. చనిపోయే ముందు కడప జిల్లా గండి దగ్గర పాపాఘ్ని లోయకు అడ్డంగా కట్టిన బంగారు తోరణం ఆయన కంటికి కనిపించిందంట, పక్కవాళ్లెవరికీ కనిపించలేదంట, అది కనబడినవాళ్లు ఎక్కువ రోజులు బతకరంట. రెండూ ఒకే మనిషి గురించి, ఒకే నోటితో చెబుతారు. మీ నోటుపుస్తకంలో మాత్రం రెండు వేర్వేరు పేజీల్లో ఉండాలి. ఆ కథ మీద నాకు కోపం లేదు. తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లు ఆయన్ను ఊరికే ఎట్లా చావనిస్తారు?

ఇక పాతబస్తీలో ఏ మిద్దె చూసినా తప్పక అడగాల్సిన తేదీ ఒకటుంది. 2009 అక్టోబరు 2. తుంగభద్ర, హంద్రి రెండూ కలిసి ఊరి మీదికొచ్చిన రోజు. ప్రతి కథకూ ఇది వరదకు ముందా, తర్వాతా అని రాసుకోండి. మా మిద్దెలో ఆ గుమాస్తాది వదిలేస్తే మొదటి నుంచి చివరి దాకా ఒక్క కథ కూడా వరదకు ముందుది లేదు. అది తెలిసినాక నేను దయ్యాన్ని వెతకడం మానేసి నీళ్లు మిద్దెను ఏం చేశాయో వెతకడం మొదలుపెట్టాను.

పగటి పని

అసలు పని ఇదే. రెండు పగళ్లు పెట్టుకోండి. మొదట కాగితం మీద గదుల పటం గీయండి, టేపుతో కొలిచి, ఉత్తరం గుర్తు పెట్టి. తలుపులు, వెంటిలేటర్లు, గవాచి (కప్పులో వెలుతురు కోసం వదిలిన చిల్లు), పైపులు, పక్క మిద్దెతో కలిసిన గోడలు అన్నీ రావాలి. పక్క అంగట్లో పెద్ద ఫ్రిజ్ ఉందా, నీళ్ల మోటారు ఎక్కడ, ఎన్ని గంటలకు వేస్తారు, ఇవి కూడా. కలిసిన గోడ ఉంటే పక్కవాళ్ల మంచం చప్పుడు మీ గదిలో పుడుతుంది.

దానంతటదే తెరుచుకునే తలుపు దగ్గరకు పోండి. మేస్త్రీని అడిగి దారానికి కట్టే గుండు తెచ్చుకుని ద్వారబంధం పక్కన వేలాడదీయండి. మాది ఆరడుగుల ఎత్తులో వేలెడు మందం వాలి ఉంది. వరద నీళ్లు దిగినాక ఆ మూల కుంగింది. తలుపును పావువంతు తెరిచి వదలండి, సగం తెరిచి వదలండి, ముప్పావు తెరిచి వదలండి. ప్రతిసారీ ఒకేచోటికి వచ్చి ఆగితే అది బందుల పని. ఇక గడియ అరిగి ఉంటే, కింద షట్టరు లాగినప్పుడు వచ్చే అదురుకు అది ఊడుతుంది. షట్టర్లు దించే వేళ తొమ్మిది. కథల్లో తలుపు తెరుచుకునే వేళా తొమ్మిదే.

నడక చప్పుడు. పైన జింకు రేకులుంటే ఎండాకాలం సాయంత్రం వాటి కింద కూర్చుని వినండి. ఇనుము మీటరుకు, డిగ్రీకి మిల్లీమీటరులో దాదాపు వెయ్యింట పన్నెండు వంతులు కుంచించుకుంటుంది. నాలుగు మీటర్ల రేకు పగటి వేడి నుంచి 20 డిగ్రీలు చల్లబడితే సుమారు ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. బోల్టు దాన్ని జరగనివ్వదు, జరగనిచ్చినప్పుడు టక్కుమంటుంది. ఒక బోల్టు తర్వాత ఇంకోటి, వరసగా. కింద ఉన్నవాడికి అది ఆ మూల నుంచి ఈ మూలకు నడక. మన ఎండలకు ఏడు నుంచి పదకొండు దాకా ఈ నడక ఉంటుంది. తెల్లారుజామున వినిపించేది మాత్రం రేకులు కాదు. అప్పుడు మూలల్లో రెట్టలు చూడండి. గింజలు కలిసిన రెట్ట ఉంటే మానుపిల్లి. ఇంచుమించు పిల్లంత జంతువు, అటకల్లో కాపురం, రాత్రంతా తిరుగుడు. గబ్బిలాల రెట్ట ఘాటుగా కొడుతుంది. గోడ కింద ఎలక ఎముకలు, బొచ్చు కలిసిన ఉండలు కనిపిస్తే తెల్లమొహం గుడ్లగూబ ఉన్నట్టు. దాని అరుపు మొదటిసారి విన్నవాడు వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తుతాడు, నేనూ పరిగెత్తాను.

గజ్జెలు ఎక్కడివో నాకు రెండో పగలు తెలిసింది. ఆ గోడౌనులో దూలానికి పాత కాటా వేలాడుతూ ఉంది, పళ్లేలు ఎవరో అమ్ముకున్నారు, గొలుసులు మిగిలాయి. ఎదురు వెంటిలేటరు పలక వరదలో పోయింది. నది వైపు నుంచి గాలి వచ్చినప్పుడు గొలుసులు ఒకదానికొకటి తగులుతాయి. ఎంత ముద్దుగా మోగుతాయంటే, మీరు కళ్లు మూసుకుంటే కాలు కూడా కనబడుతుంది. మల్లెపూల సంగతి చెప్పడానికి సిగ్గేస్తుంది. వీధి చివర పూలంగళ్లు, రాత్రి మిగిలిన పూలు గోనెసంచిలో మిద్దె పక్క సందులో పెడతారు. పదకొండు మంది ఆ వాసన గురించి చెప్పారు, ఒక్కరూ సందులోకి చూడలేదు. మల్లెపూలకు దయ్యానికి మనవాళ్లు కలిపిన ముడి అంత గట్టిది.

కిటికీ దగ్గర ఆడమనిషి కొంచెం కష్టపెట్టింది. బట్టలంగడి అబ్బాయి చూసింది లోపలి నుంచి, గోడ మీద కదిలిపోయిన నీడ. చీకటి గదిలో తలుపు పలకకు చిన్న చిల్లు ఉంటే ఎదురు గోడ మీద వీధి తలకిందులుగా పడుతుందని స్కూల్లో చదువుకున్నాం, పిన్‌హోల్ కెమెరా అని. వీధిలో ఆటో తూర్పుకు పోతే గోడ మీద వెలుగు పడమటికి పోతుంది, మధ్యలో మనిషి అడ్డం వస్తే గోడ మీద నీడ కదిలిపోతుంది. చిల్లు మీద వేలు పెట్టి చూడండి, నీడ ఆగిపోతే మీ పని అయిపోయింది.

కరెంటు సంగతి నా సొంతం, కాస్త ఎక్కువ చెబుతా. "స్విచ్ ఆపినా బల్బు మిణుకుమంటుంది" అన్న ఫిర్యాదు ఎల్ఈడీ బల్బులు వచ్చినప్పటి నుంచి మొదలైంది. పాత వైరింగులో స్విచ్ ఫేజుకు బదులు న్యూట్రల్లో వేసి ఉంటే, లేదా స్విచ్చు వైరు ఫేజు వైరును ఆనుకుని చాలా దూరం పోతే, కొద్దిపాటి కరెంటు కారుతూనే ఉంటుంది. పాత ఫిలమెంటు బల్బు దానికి వెలగదు, ఎల్ఈడీ వెలుగుతుంది. దీనికి పూజ అక్కర్లేదు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చాలు. చెక్క బద్దీల్లో తీగలు, ఎర్త్ లేని మీటరు పెట్టె కనబడితే దయ్యం సంగతి ఆపి ముందు ఆ మాట యజమానికి చెప్పండి. తడిసిన గోడను ముట్టుకుంటే ఎవరో లాగినట్టయింది అని ఎవరైనా అంటే నవ్వాల్సిన విషయం కాదు, అది షాకు.

ఇంకొకటి. కింద అంగట్లో జనరేటరు ఉంటే దాని పొగ ఎటు పోతోందో చూడండి. 1921లో అమెరికాలో విల్మర్ అనే కంటి డాక్టరు ఒక కుటుంబం కథ ప్రచురించాడు. ఇంట్లో అడుగుల చప్పుళ్లు, ఆకారాలు, తలనొప్పి, నీరసం. చివరికి ఇంటిని వెచ్చగా ఉంచే కొలిమి పాడై, దాని నుంచి కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తోందని తేలింది. దానికి రంగూ వాసనా లేవు. పై గదిలో కూర్చున్న ప్రతివాడికీ తలనొప్పి వస్తుంటే బయటికి వచ్చేయండి.

ఏం పట్టుకుపోవాలి

ముగ్గుపిండి, తెల్లదారం, సుద్దముక్క, టేపు, రెండు టార్చీలు, మూడు ఫోన్లు, పవర్‌బ్యాంకు, గోడకు తగిలించే మామూలు థర్మామీటర్లు రెండు, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి, నోటుపుస్తకం. ఫోన్లో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకుంటే నేల అదురు కొలుస్తుంది. ఆన్‌లైన్లో అమ్మే దయ్యాల మీటర్లు కొనకండి. లైట్లు వెలిగే ఆ డబ్బా కరెంటు తీగ దగ్గరా, ఫోను దగ్గరా కూడా వెలుగుతుంది. తుపాకీలా పట్టుకునే థర్మామీటరు గాలి చల్లదనం చెప్పదు, ఎదురుగా ఉన్న గోడ ఉపరితలం వేడి చెబుతుంది. దాంతో "చల్లటి చోటు" కనుక్కున్నానన్నవాడు బండరాయిని కనుక్కున్నాడు. రేడియో స్టేషన్లను గబగబా తిప్పే పెట్టెలో మాటలు వినిపిస్తాయి, నిజమే. అవి ఆకాశవాణివి.

గబ్బిలాల రెట్ట ఉన్న గదిలో ఎన్95 మాస్కు, బూట్లు తప్పవు. చెక్కమెట్లు గోడ వైపు మాత్రమే తొక్కండి. చేయి పెట్టేముందు టార్చి వేయండి, తేళ్లు ఉంటాయి. పాము కరిస్తే కట్లు కట్టడాలు, కోయడాలు వద్దు, కదలకుండా 108లో పెద్దాసుపత్రికి.

రాత్రి

ముగ్గురికి తక్కువ వద్దు, ఐదుగురికి ఎక్కువ వద్దు. తాగినవాడు, రీల్స్ తీసేవాడు వద్దు. అమావాస్య కోసం చూడకండి. కథలో చెప్పిన వేళకు పోండి, రెండు మామూలు రాత్రులు. అమావాస్యకే పోవాలని మనసు లాగితే, ఆ ఒక్క రాత్రి వినిపించింది మామూలు రాత్రి వినిపించదని చూపించే బాధ్యత కూడా మీదే.

కూర్చునేముందు మెట్ల మీద, ఖాళీ గది గడపల్లో ముగ్గుపిండి జల్లెడ పట్టి పలుచగా చల్లి ఫోటో తీసుకోండి. తలుపులకు దారం కట్టి, ముడి మీద చీటీ అంటించి సంతకం పెట్టండి. మా మెట్ల మీద తెల్లారేసరికి ఐదు వేళ్ల చిన్న పాదాలు, వెనక తోక ఈడ్చిన గీత. మానుపిల్లి తానే వచ్చి వేలిముద్ర వేసి పోయింది.

మూడు ఫోన్లు మూడు గదుల్లో రికార్డింగులో పెట్టి, అన్నింటికీ వినబడేలా ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తర్వాత మూడు రికార్డులను కలిపేటప్పుడు ఆ చప్పుడే గుర్తు. రాత్రి మీలో ఎవరైనా దగ్గినా, కుర్చీ జరిపినా, కడుపులో గుర్రుమన్నా అక్కడికక్కడే పైకి చెప్పాలి: "ఇది నాది." మేం ఈ నియమం పెట్టుకున్నాక మా మిత్రుడు తెచ్చిన బొరుగుల పొట్లం చప్పుడు పదిహేడు సార్లు "ఇది నాది" అనిపించుకుంది. గజగజలాడే రాత్రిలో అంత నవ్వు నేను ఎక్కడా నవ్వలేదు.

చేయగలిగితే ఇంకో పని చేయండి. ఈ మిద్దె కథ తెలియని ముగ్గురు స్నేహితులను వేరే ఊరి నుంచి పిలిపించి, ఒక్కొక్కరినీ టార్చితో పంపి, ఎక్కడ ఒళ్లు జలదరించిందో గదుల పటం మీద గుర్తు పెట్టమనండి. వాళ్ల వెనకాల మీలో ఒకరు మెట్ల దగ్గర ఉండాలి, మాట్లాడకూడదు. ఆ గుర్తులు కథల్లోని గదితో కలుస్తాయా చూడండి. మాకు ముగ్గురూ ఒకే చోట గుర్తు పెట్టారు, కానీ అది కథలో గది కాదు, మెట్ల కింద ఇరుకు. ఫైఫాక్స్ పెడితే అక్కడ నేల సన్నగా అదురుతోంది, పక్క అంగడి కంప్రెసరుది. 1998లో ఇంగ్లండులో టాండీ అనే ఇంజనీరు తన ల్యాబులో బూడిదరంగు ఆకారం కనబడడానికి కారణం ఒక ఫ్యాను పుట్టించిన, సెకనుకు సుమారు 19 కంపనాల, చెవికి అందని ధ్వని అని రాశాడు. తర్వాత లండన్లో అలాంటి ధ్వని, అయస్కాంత క్షేత్రం ఉన్న గది కట్టి పరీక్షిస్తే, మనుషులకు ఏవేవో అనిపించాయి గానీ, ధ్వని పెట్టినప్పుడు ఎక్కువ, తీసేసినప్పుడు తక్కువ అన్న తేడా రాలేదు. కాబట్టి మెట్ల కింద అదురు ఉందని రాశాను, దానివల్లే జలదరించిందని రాయలేదు.

ఇంటికొచ్చినాక

రికార్డింగు మీరే వింటే మీకు కావాల్సింది వినిపిస్తుంది. గొంతులాంటిది దొరికితే ఆ ముక్క కోసి, ఏమీ చెప్పకుండా ముగ్గురికి వినిపించి, వినిపించింది చీటీ మీద రాయమనండి. మా దగ్గర ఒక ముక్క ఉంది. నాకు "పో" అని స్పష్టంగా వినిపించింది. మా అబ్బాయి "బావో" అని రాశాడు, మా చెల్లెలు "కుక్క" అని రాసింది. చెల్లెలే గెలిచింది. ఫోటోల్లో గుండ్రని తెల్ల చుక్కలు వస్తే గదిలో దుమ్ము కెమెరాకు దగ్గరగా ఉండి ఫ్లాషుకు మెరిసిందని అర్థం. చాప ఒకసారి దులిపి అదే ఫోటో తీయండి, దయ్యాలు వందల్లో దిగుతాయి.

చివరికి యజమానికి రెండు పేజీలు రాసివ్వండి. ఒక్కో కథకు ఒక్కో వరస: ఎవరు చెప్పారు, ఎర్ర గీత ఉందా లేదా, మేం ఏం చూశాం, ఏం మరమ్మతు కావాలి. తేలనిది ఉంటే తేలలేదు అని రాయండి. మా కాగితంలో ఒకటి అలాగే ఉంది: రెండో రాత్రి 2 గంటల 10 నిమిషాలకు గోడౌనులో ఒక్కసారి చెక్క మీద తట్టినట్టు చప్పుడు, మూడు ఫోన్లలోనూ పడింది, కారణం దొరకలేదు. యజమాని దాన్ని కొట్టేయమన్నాడు, నేను కొట్టేయలేదు. ద్వారబంధం, గడియ, వెంటిలేటరు పలక, కాటా గొలుసులు, వైరింగు, ఇవి ఆయన బాగు చేయించాడు. ఇంట్లో ఆడవాళ్లు సత్యనారాయణ వ్రతం చేయిస్తామన్నారు. కింద అంగట్లో భాయి ఫాతిహా చదివించాడు. అడ్డు చెప్పకండి, అది వాళ్ల మిద్దె, వాళ్ల అంగడి.

ఒక జాగ్రత్త మాత్రం మేం ఆలస్యంగా తెలుసుకున్నాం. రెండో రాత్రి అయిపోయి తాళం చెవి ఇచ్చి, తెల్లవారి ఎదురు బంకులో టీ తాగుతుంటే పక్క బెంచీలో కొత్తవాడెవరో అడిగాడు, పైన లైట్లు వెలిగినాయే, ఏం కథ అని. టీ ఆయన గ్లాసు కడుగుతూ చెప్పాడు: "రాత్రంతా కూర్చున్నారంట. ఏందో కనిపించిందంట." మేం ఆయన ముందే ఉన్నాం. లేచి పోయి, మా కాగితం ఒక నకలు తీయించి ఆ బంకు గోడకు, ఉగ్గాని ధరల బోర్డు పక్కన అంటించి వచ్చాను. మీరైతే ఆ పని తాళం చెవి ఇవ్వకముందే చేయండి.